మర్రి తొర్ర, గబ్బిలం రెట్ట, ఊపిరితిత్తుల బూజు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే రోడ్డు మీంచి వచ్చాయి. అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ వైపు సాగే బీజాపూర్ రోడ్డు అది. ఆ మర్రి చెట్లు, వాటికి వేలాడే గబ్బిలాలు, కింద పడే రెట్ట, అందులో ఉందని చెప్పుకుంటున్న ఫంగస్... అందరి భయమూ దీని చుట్టే తిరిగింది. కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

సందేహం: మొయినాబాద్ దాటాక పెద్ద మర్రి కింద పదేళ్లుగా బోండాలు, జామకాయలు అమ్ముకుంటున్న. చెట్టు నిండా పెద్ద గబ్బిలాలే. పొద్దున వచ్చేసరికి బండి మీద కప్పిన పట్టా మీద రెట్ట, సగం కొరికిన పండ్లు. ఆ రెట్ట గాలి పీలిస్తే ఊపిరితిత్తులకు బూజు పడతదని ఫోన్లల్ల చెప్తున్నరు. జాగా మార్చుకోవాల్నా సార్?
ఒక పండ్ల వ్యాపారి, మొయినాబాద్

సమాధానం: మార్చుకోవద్దు. ఆ నీడ మీకెంత అవసరమో నాకు తెలుసు.

మీ నెత్తి మీద వేలాడేవి పండ్లు తినే పెద్ద గబ్బిలాలు. రెక్కలు చాపితే నాలుగడుగుల దాకా ఉంటాయి. అవి ఆరుబయట కొమ్మలకు వేలాడతాయి. పురుగుల్ని తినే చిన్న గబ్బిలాల తీరు వేరు. పాడుబడ్డ బావులు, గుళ్ల చీకటి మూలలు, కోటల సొరంగాలు, గుహలు వాటి కాపురాలు. ఊపిరితిత్తులను పట్టే హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రానికి ఇష్టమైన చోటు ఈ రెండో రకమే. ఏళ్ల తరబడి రెట్ట కుప్పబడి, చెమ్మ ఆరక, ఎవరూ కదపకుండా ఉన్న చీకటి చోటు. మీ మర్రి కింద రెట్ట అలా పేరుకోదు. ఎండకు ఎండుతుంది, వానకు కొట్టుకుపోతుంది, రోడ్డు గాలికి చెదిరిపోతుంది. అందుకే మీకు ముప్పు చాలా తక్కువ.

జాగ్రత్త పడాల్సింది దుమ్ము విషయంలో. ఈ బూజు తాకితే అంటదు, తింటే సాధారణంగా రాదు. ఎండిన రెట్ట పొడిలోంచి లేచిన బీజాలను పీలిస్తేనే వస్తుంది. పొద్దున చీపురు పట్టకముందు ఆ జాగాలో నీళ్లు చల్లండి. వాకిట్లో సాన్పు చల్లినట్టే అనుకోండి. తడిసిన తర్వాత ఊడ్చి ఎత్తిపోస్తే దుమ్ము లేవదు. పట్టాను దులపకండి, కడగండి. గబ్బిలం కొరికిన కాయ ఎంత బాగున్నా అమ్మకండి, మీరూ తినకండి. ఇది బూజు కోసం చెప్పే మాట కాదు. 2018లో కేరళలోని కోళికోడ్ జిల్లాలో ప్రాణాలు తీసిన నిపా వైరస్‌ను మోసేది ఈ పెద్ద గబ్బిలాలే.

సందేహం: నేను చేవెళ్లలో డిగ్రీ రెండో సంవత్సరం, మైక్రోబయాలజీ. అడవి గబ్బిలాలు మోసే ఫంగస్‌లకు "జెనెటిక్ టైపింగ్" చేస్తారని చదివాను. ఫంగస్ పేరు తెలిశాక మళ్లీ టైపింగ్ ఎందుకు? దాంతో రోగికి ఒరిగేదేమిటి?
ఒక విద్యార్థిని, చేవెళ్ల

సమాధానం: అమ్మా, చేవెళ్ల వాళ్లకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఎవరైనా భూమి కొనేటప్పుడు ఊరి పేరు చెబితే ఊరుకుంటారా? సర్వే నంబరు అడుగుతారు. అది చెప్పినా చాలదు, బై నంబరు కావాలి. ఒకే సర్వే నంబరులో పది బై నంబర్లుంటే పదిమంది పట్టాదారులు ఉన్నట్టు. గొడవ వస్తే తేల్చేది ఆ చివరి నంబరే.

హిస్టోప్లాస్మా అన్నది ఊరి పేరు లాంటిది. రోగి ఊపిరితిత్తుల్లో హిస్టోప్లాస్మా ఉంది, ఫలానా గుహలోని గబ్బిలంలోనూ ఉంది. అంతమాత్రాన గబ్బిలమే ఇచ్చిందని చెబితే, ఇద్దరిదీ చేవెళ్లే కాబట్టి ఈ పొలం వాడిదే అన్నట్టుంటుంది. రెండు చోట్ల దొరికిన శిలీంధ్రాలకూ బై నంబరు కలవాలి. టైపింగ్ అంటే ఆ నంబరు తీయడమే.

తీసే తీరు చెబుతాను. ముందు నమూనా కావాలి. అటవీశాఖ అనుమతితో సంధ్యవేళ సన్నటి వల కట్టి గబ్బిలాన్ని పట్టి, నోటి నుంచీ రెట్ట నుంచీ నమూనా తీసుకుని వదిలేస్తారు. లేదా అవి వేలాడే చోటు కింద గుడ్డ పరిచి తాజా రెట్ట పోగుచేస్తారు. దాన్ని అగార్ పళ్లేల మీద, మన గది వేడిమికి దగ్గరగా ఉంచి పెంచాలి. ఇది తొందర పని కాదు, రెండు వారాల నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట తెల్లని దూదిలా వచ్చి, రోజులు గడిచేకొద్దీ లేత గోధుమ రంగుకు తిరుగుతుంది. చిన్న ముక్క తీసి నీలం రంగు చుక్కలో పెట్టి సూక్ష్మదర్శినిలో చూడు. గుండ్రని పెద్ద బీజాలు, చుట్టూ ముళ్లలాంటి బుడిపెలు. అచ్చం ఉమ్మెత్తకాయ! ఆ రూపం ఒక్కసారి చూసినవాళ్లు జీవితంలో మరిచిపోరు. దాని పక్కనే చిన్న బీజాలుంటాయి, రెండు నుంచి ఐదు మైక్రాన్లు. ఊపిరితిత్తుల అట్టడుగు గూళ్ల దాకా పోయేవి ఆ చిన్నవే. అదే శిలీంధ్రాన్ని 37 డిగ్రీల్లో, అంటే మన ఒంటి వేడిలో ఉంచితే పోగులు వదిలేసి ఈస్ట్ కణాలుగా మారిపోతుంది. మట్టిలో ఒక వేషం, ఒంట్లో ఒక వేషం. ఈ పళ్లేన్ని మామూలు బల్ల మీద మూత తీయకూడదు. గట్టి రక్షణ ఉన్న ల్యాబ్‌లోనే ఈ పని చేస్తారు. మీ కాలేజీలో ఎవరైనా సరదాకి రెట్ట పెంచి చూద్దామంటే, దయచేసి వద్దని చెప్పు.

తరువాత డి.ఎన్.ఏ. తీస్తారు. శిలీంధ్రాలన్నిటికీ ఊరి పేరు చెప్పే ఒక భాగం ఉంది, ఐ.టి.ఎస్. అంటారు. 2012లో దాన్ని శిలీంధ్రాల బార్‌కోడ్‌గా ఒప్పుకున్నారు. అయితే బై నంబరుకు అది చాలదు. కాసుగా అనే శాస్త్రవేత్త బృందం 2003లో 25 దేశాల నుంచి వచ్చిన 137 హిస్టోప్లాస్మా నమూనాలలో నాలుగేసి జన్యువులను చదివి, అప్పటిదాకా ఒకటే అనుకున్న ఈ శిలీంధ్రంలో కనీసం ఎనిమిది వంశాలున్నాయని తేల్చింది. 2017లో పూర్తి జీనోములు చదివాక వాటిలో కొన్నిటిని వేరు జాతులుగానే లెక్కించి కొత్త పేర్లు పెట్టారు. ఇక మనకు దగ్గరి సంగతి. 2022లో ఢిల్లీ వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన అనురాధా చౌదరి, అమెరికాలోని డేనియల్ మటూటే బృందాలు కలిసి భారతదేశపు నమూనాల జీనోములను చదివి, మన హిస్టోప్లాస్మాది వేరే వంశమని చూపాయి. అమెరికా పుస్తకాల్లో చదివిన లక్షణాలన్నీ మన రోగిలో అలాగే కనబడాలని ఎదురుచూడటం ఇక తగదు. రోగికి ఒరిగేదేమిటని అడిగావు కదా, మొదటి లాభం ఇదే.

రెండోది, జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో తెలియడం. 2001లో మెక్సికోలోని అకపుల్కోకు విహారానికి వెళ్లిన అమెరికా కాలేజీ విద్యార్థులు గుంపులు గుంపులుగా హిస్టోప్లాస్మోసిస్‌తో జబ్బుపడ్డారు. మెక్సికోలో మారియా లూసియా టేలర్ అనే శాస్త్రవేత్త అప్పటికే ఏళ్లుగా గుహల్లోని గబ్బిలాల నుంచి ఈ శిలీంధ్రాన్ని వేరుచేసి టైపింగ్ చేస్తున్నారు. ఆమె బృందం ఆ హోటల్‌ను జల్లెడ పట్టింది. వేలు చూపింది గుహ వైపు కాదు, గబ్బిలం వైపూ కాదు. అలంకారానికి పెట్టిన పూలకుండీల్లోని కంపోస్టు ఎరువు వైపు. మొయినాబాద్ చుట్టూ ఉన్న నర్సరీల వాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవాలని నా కోరిక.

నువ్వు మైక్రోబయాలజీలోనే కొనసాగితే ఈ రోడ్డు గబ్బిలాల మీద ఈ పని చేయవచ్చు. ఉప్పల్‌లో సి.సి.ఎం.బి., అత్తాపూర్‌లో దాని వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్, గబ్బిలాల జాతుల మీద ఏళ్లుగా పనిచేస్తున్న ఉస్మానియా విశ్వవిద్యాలయం. మీ ఊరి నుంచి ఇవన్నీ బస్సు దూరమే.

సందేహం: మా ఆయనకు ఏడాది కింద జ్వరం, బరువు తగ్గడం, నాలుక మీద మానని పుండు. ఒక ఆసుపత్రిలో టీబీ అని ఎనిమిది నెలలు మందులు ఇచ్చారు, తగ్గలేదు. ఇంకోచోట కిడ్నీల పైన గ్రంథులు వాచాయని, ముక్క తీసి పరీక్ష చేసి హిస్టోప్లాస్మా అన్నారు. ఇంటి వెనక మర్రి మీద గబ్బిలాలున్నాయి. ఆ చెట్టు కొట్టేయమని మా అత్తమ్మ పట్టుబట్టింది. పిల్లలకు అంటుతుందేమోనని ఒక్కటే భయం. ఆయన కోళ్ల ఫారాల పాత షెడ్లు విప్పే పని చేసేవాడు.
ఒక గృహిణి, మొయినాబాద్ మండలం

సమాధానం: అమ్మా, ముందు మీ పిల్లల సంగతి. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. దగ్గినా, ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా రాదు. ఈ రాత్రి నుంచి ఆ భయం వదిలేయండి.

టీబీ అని పొరపడటం ఈ జబ్బు పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1905లో పనామా కాలువ తవ్వుతున్న రోజుల్లో శామ్యూల్ డార్లింగ్ అనే వైద్యుడు మార్టినిక్ దీవి నుంచి వచ్చిన ఒక వడ్రంగి శవాన్ని పరీక్షించాడు. చూడటానికి ఒళ్లంతా పాకిన టీబీలా ఉంది. సూక్ష్మదర్శినిలో చూస్తే టీబీ క్రిమి లేదు, కణాల నిండా చిన్న చిన్న గుండ్రని జీవులు. అవి కాలా అజార్ పరాన్నజీవి లాంటివని అనుకుని పేరు పెట్టాడు. నిజానికది శిలీంధ్రమని తరువాతివాళ్లు తేల్చారు. మన దేశంలో మొదటి కేసు 1954లో కలకత్తా నుంచి నమోదైంది. ఇంత టీబీ ఉన్న దేశంలో మొదట టీబీనే అనుమానించడంలో తప్పు లేదు. మందులు సరిగ్గా వాడుతున్నా మనిషి కోలుకోనప్పుడు మళ్లీ మొదటినుంచి వెతకాలి. నాలుక మీద పుండు, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథుల వాపు, ఈ రెండూ కలిసి కనబడితే హిస్టోప్లాస్మా గుర్తుకు రావాలి.

అడ్రినల్ గ్రంథులు దెబ్బతింటే ఒంట్లో కార్టిసాల్ పడిపోతుంది. కళ్లు తిరగడం, వాంతులు, బీపీ పడిపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కార్టిసాల్ పరీక్ష, షుగర్ పరీక్ష, హెచ్.ఐ.వి. పరీక్ష చేయించారో లేదో మీ డాక్టరు గారిని అడగండి. హెచ్.ఐ.వి. పేరెత్తినందుకు ఏమీ అనుకోకండి, ఈ జబ్బు తేలిన ప్రతి ఒక్కరికీ చేయాల్సిన పరీక్షే అది. ఇట్రాకొనజోల్ మందు నెలల తరబడి వాడాల్సి వస్తుంది. కాస్త నయమనిపించగానే ఆపకండి.

ఇక మర్రి సంగతి. అత్తమ్మగారి బాధ నాకు అర్థమవుతుంది. అయినా మీరు చివర రాసిన ఒక్క వాక్యం నన్ను ఆపేసింది. పాత కోళ్ల షెడ్లు! కోడి ఒంటి వేడి ఎక్కువ కాబట్టి దానికి ఈ జబ్బు రాదు. కానీ దాని ఎరువు ఏళ్లుగా కలిసిన మట్టి ఈ శిలీంధ్రానికి మంచి పంట పొలం. ఊపిరి పీల్చిన నాటికీ, జబ్బు బయటపడిన నాటికీ మధ్య ఏళ్లు గడవవచ్చు. ఇంటి వెనక ఆరుబయట చెట్టు కంటే, మూసి ఉన్న షెడ్డులో రేకులు విప్పుతూ పీల్చిన దుమ్ము మీదే నాకు అనుమానం. అనుమానం మాత్రమే, తీర్పు కాదు. తీర్పు చెప్పాలంటే ఆయన ఒంట్లోని శిలీంధ్రం, షెడ్డు మట్టిలోది, మర్రి కింది రెట్టలోది, మూడింటి జన్యువులూ పక్కపక్కన పెట్టి చూడాలి.

అందుకే ఒక్క పని చేయండి. ల్యాబ్‌లో ఆయన నమూనా నుంచి శిలీంధ్రం పెరిగి ఉంటే దాన్ని పారేయవద్దని డాక్టరు గారికి చెప్పండి. చండీగఢ్ పి.జి.ఐ.లో జబ్బు చేసే శిలీంధ్రాలను భద్రపరిచే జాతీయ నిల్వ ఉంది, అక్కడికి పంపవచ్చు. అక్కడ ఉన్న నమూనాను పదేళ్ల తరువాతైనా చదవవచ్చు. చెట్టు మాత్రం కొట్టకండి.

సందేహం: రోడ్డు వెడల్పు పనిలో సూపర్‌వైజరుని. మర్రి చెట్లను వేళ్లతో సహా లేపి వేరేచోట నాటే పని కూడా మాదే. తొర్రల్లో చెయ్యి పెడితే మెత్తటి పొడి రాలుతుంది, లోపల చిన్న గబ్బిలాలు. మా లేబర్‌కు ప్రమాదమా?
ఒక సూపర్‌వైజరు, చేవెళ్ల

సమాధానం: ఈ నెల ఉత్తరాలలో నాకు నిజంగా ఆందోళన కలిగించింది మీదే.

ఆ రోడ్డు గురించి నా మాట ముందు చెబుతాను. 46 కిలోమీటర్లలో 900 దాకా ముసలి మర్రులు. వాటి కోసం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లినవాళ్ల ప్రేమ నిజమైనది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర బస్సు ప్రమాదంలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల కోపమూ నిజమైనదే. రోడ్డూ కావాలి, చెట్లూ బతకాలి, చెట్టు లేపే కూలీ ఊపిరితిత్తులూ బాగుండాలి. మూడోది ఎవరి నోటా వినబడటం లేదు.

తొర్రలో రాలే ఆ మెత్తటి పొడి కుళ్లిన కర్ర. రంధావా, కౌశిక్, ఖాన్ అనే ఢిల్లీ శాస్త్రవేత్తలు బతికున్న చెట్ల తొర్రలు గోకి చూసి, నేరేడు, రావి చెట్ల కుళ్లిన కర్రలో క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం కాపురముంటుందని 2003లో ప్రకటించారు. రావి మర్రికి స్వయానా తోబుట్టువు. ఒకప్పుడు క్రిప్టోకాకస్ అనగానే ఎక్కువమంది పావురాల రెట్టనే చూసేవాళ్లు. అది ఊపిరితిత్తుల్లోంచి మెదడు పొరలకు ఎక్కితే ప్రాణాంతకం, ముఖ్యంగా రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు. దానికి కూడా బై నంబరు పద్ధతి ఉంది. 2009లో ప్రపంచమంతా ఒకే పద్ధతిగా ఏడు జన్యుభాగాలు చదవాలని ఒప్పందానికి వచ్చారు. కాబట్టి చేవెళ్ల తొర్రలో దొరికిన దాన్ని బ్యాంకాక్ రోగిలో దొరికిన దానితో పోల్చవచ్చు.

మీరు చేయాల్సింది చెబుతాను. తొర్ర ఉన్న చెట్టును ముట్టుకునే ముందు లోపల గబ్బిలాలున్నాయేమో చూసి, ఉంటే అటవీశాఖకు చెప్పండి, అవి వెళ్లేదాకా ఆగండి. పిల్లలు పాలు తాగే దశలో ఉంటే తల్లి ఎగిరిపోతుంది, పిల్ల లోపలే చస్తుంది. పని మొదలుపెట్టే ముందు పైపుతో తొర్రను, కింది నేలను బాగా తడపండి. చెయ్యి పెట్టేవాళ్లకు, రంపం పట్టేవాళ్లకు ఎన్-95 మాస్కు ఇవ్వండి. మెడలో తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే సరిపోదు, రెండు మైక్రాన్ల బీజానికి తువ్వాలు వాకిలి తీసిన ఇల్లే. షుగరు ఎక్కువ ఉన్నవాళ్లను, స్టెరాయిడ్లు వాడేవాళ్లను ఆ పనికి పెట్టకండి. పని చేసిన మూడు వారాల లోపు ఎవరికైనా జ్వరం, పొడి దగ్గు, ఛాతీ నొప్పి వస్తే, "గబ్బిలాలున్న తొర్ర లేపాను" అన్న మాట డాక్టరుకు చెప్పమనండి. ఆ ఒక్క మాటతో రోగనిర్ధారణ దారి మారుతుంది.

సందేహం: మా పొలంలో పాడుబడ్డ మోటబావి ఉంది. లోపల రాతి సందుల్లో చిన్న గబ్బిలాలు, అడుగున మోకాలెత్తు రెట్ట. టమాటాకు మంచి ఎరువని అందరూ అంటున్నారు. తవ్వి తీయమంటారా?
ఒక రైతు, చేవెళ్ల మండలం

సమాధానం: వద్దు. ఎరువుగా అది మంచిదే, నత్రజని దండిగా ఉంటుంది. కానీ మొదటి జవాబులో నేను చెప్పిన చోటు ఇదే. చీకటి, చెమ్మ, ఏళ్ల నాటి కుప్ప, గాలాడని గొయ్యి. ఎమన్స్ అనే అమెరికా శాస్త్రవేత్త గబ్బిలాల నివాసాలకూ ఈ జబ్బుకూ సంబంధముందని 1958లోనే రాశాడు. తరువాత 1962లో గబ్బిలాల ఒంట్లోంచే శిలీంధ్రాన్ని తీశారు. పక్షి రెట్ట ఈ బూజుకు ఆహారం మాత్రమే. గబ్బిలానికైతే జబ్బు కూడా వస్తుంది, ఎగిరిన చోటల్లా విత్తుతుంది. మన దేశంలోనూ 1980ల మొదట్లో ఢిల్లీలో ఎలుక తోక గబ్బిలం ఊపిరితిత్తుల్లోంచి బ్లాస్టోమైసిస్ అనే మరో ప్రమాదకర శిలీంధ్రాన్ని వేరుచేశారు.

బావిలోకి మనిషిని దింపకండి. అలాంటి గొయ్యిలో గాలి విషమై ఊపిరాడకుండా పోయిన ప్రాణాలు మన పల్లెల్లో ఎన్నో. ఆ గబ్బిలాలను అలాగే ఉండనిస్తే రాత్రిపూట మీ టమాటా మీది పురుగును అవే తింటాయి, మీకు అంతకన్నా ఎరువు అక్కర్లేదు.

సందేహం: గబ్బిలాల ముక్కు మీద తెల్లబూజు పట్టి లక్షల్లో చచ్చిపోతున్నాయని వీడియో చూశాం. ఆ బూజు మన దగ్గరకూ వస్తుందా?
పదో తరగతి విద్యార్థులు, మొయినాబాద్

సమాధానం: మన మొయినాబాద్ ఎండ దాన్ని బతకనివ్వదు. ఆ శిలీంధ్రం చలిని ప్రేమిస్తుంది, 20 డిగ్రీలు దాటితే పెరగలేదు. చలికాలమంతా గుహల్లో ఒళ్లు చల్లబరచుకుని నిద్రపోయే గబ్బిలాలనే పడుతుంది. 2006లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక గుహలో మొదట కనబడి, తరువాత లక్షలాది గబ్బిలాలను చంపింది. అక్కడ దాని జన్యువులు చదివితే అంతటా ఒక్కటే వంశం, ఒక్క పిలకలోంచి పెరిగిన అరటితోటలా. యూరప్‌లో చదివితే ఎన్నో వంశాలు. అంటే సొంతూరు యూరప్, అమెరికాకు ఎవరో మోసుకొచ్చారు. 2025లో వేల నమూనాలు చదివిన శాస్త్రవేత్తలు ఆ తొలి పిలక ఉక్రెయిన్ ప్రాంతం నుంచి వచ్చిందని గుర్తించారు. గుహల్లో తిరిగే మనుషుల బూట్లు, తాళ్ల మీద వెళ్లి ఉంటుందని వాళ్ల అభిప్రాయం. మీరు బొర్రా గుహలకో, బెలుం గుహలకో విహారయాత్రకు వెళ్లి వస్తే బూట్లు కడుక్కోండి.

సందేహం: గబ్బిలాలను వెళ్లగొట్టడానికి టపాసులు కాలుస్తున్నారు. ఇది సరైనదేనా?
ఒక ఉపాధ్యాయుడు, చేవెళ్ల

సమాధానం: కాదు. వన్యప్రాణి చట్టంలో పండ్ల గబ్బిలాలను ఒకప్పుడు ఎలుకలు, కాకుల సరసన హానికర జంతువుల జాబితాలో పెట్టారు. 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు. చప్పుడుకు చెదిరిన గుంపు ఊరు దాటి పోదు, పక్క చెట్టుకు చేరుతుంది. భయపడ్డ తల్లులు పిల్లలను జారవిడుస్తాయి. కింద పడ్డ పిల్లను మీ విద్యార్థుల్లో ఎవరైనా చేత్తో పట్టుకుంటే కరుస్తుంది, అప్పుడు మీరు పరుగెత్తాల్సింది కుక్కకాటు టీకా కోసం. టపాసులు కాల్చేవాళ్లకు ఈ చివరి సంగతి చెప్పి చూడండి. పిల్లలకు మాత్రం, కింద పడ్డ గబ్బిలాన్ని ముట్టుకోకుండా పెద్దలను పిలవమని రేపు పొద్దున ప్రార్థన వేళే చెప్పండి.